ప్రభుత్వం, కంపెనీ, కాలనీవాసులు కలిసి నగర చెరువును బాగుచేసుకునే పద్ధతి

2020 అక్టోబరు 13న హైదరాబాదులో కురిసిన కుండపోతకు వందలాది కాలనీలు నీట మునిగాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ వైపు మరో వరద ముంచుకొచ్చింది. ఈ నగరంలోని చెరువులు విడివిడిగా తవ్వినవి కావు. ఒక చెరువు నిండి, అదనపు నీరు పొర్లిపోయే మత్తడి దూకితే ఆ నీరు కాలువ గుండా దిగువ చెరువులోకి, అక్కడి నుంచి ఆ కిందిదానిలోకి, చివరకు మూసీలోకి చేరేలా కట్టిన గొలుసుకట్టు అది. ఆ గొలుసులో ఒక్క చెరువు పూడిపోయినా, ఒక్క కాలువ మీద ఇల్లు లేచినా, ఆ నష్టం ఎక్కడో కిలోమీటర్ల దూరాన ఉన్న బస్తీ మీద పడుతుంది. అందుకే మన చెరువును మనం కాపాడుకోవడం అంటే సాయంత్రం నడవడానికి ఒక బాట వేసుకోవడం కాదని ముందుగా మనసులో పెట్టుకోవాలి.

చెరువు విషయంలో అధికారం ప్రభుత్వానిది. డబ్బు, ఇంజనీరింగ్ నైపుణ్యం, పనిని గడువులోగా ముగించే అలవాటు కంపెనీల దగ్గర ఉంటాయి. అర్ధరాత్రి ట్యాంకరు వచ్చి సెప్టిక్ మురుగును గుట్టుగా వదిలిపోవడాన్ని చూడగలిగేది మాత్రం ఎదురింటివాళ్లే. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా పని కొంతకాలానికి మొదటికొస్తుంది. ముగ్గురూ ఉన్నా పనుల వరుస తప్పితే ఫలితం అంతే. హద్దు తేలాలి, ఆ తర్వాత మురుగు ఆగాలి, ఆ పైననే అందం. చాలాచోట్ల ఈ వరుస తలకిందులవుతోంది. బాట, విద్యుద్దీపాలు, సెల్ఫీ పాయింటు ముందు వస్తాయి, దుర్వాసన అలాగే ఉంటుంది. కింద రాసినదంతా ఆ వరుసను నిలబెట్టుకోవడం గురించే.

హద్దు తేల్చుకోవడం

మొదట మీ చెరువు ఎవరి పరిధిలో ఉందో తెలుసుకోండి. నగర సరిహద్దులు, వార్డులు మారుతూ ఉన్నందున పాత సమాచారం మీద ఆధారపడకుండా కార్పొరేషన్ సర్కిల్ కార్యాలయంలోనే అడగాలి. ఒకే చెరువుకు అనేక శాఖలు బాధ్యులు. చెరువు నీరు పరుచుకునే శిఖం భూమి రెవెన్యూ శాఖ లెక్కల్లో ఉంటుంది, కట్ట, తూము, మత్తడి నీటిపారుదల శాఖవి, సుందరీకరణ, చెత్త తొలగింపు కార్పొరేషన్‌లోని చెరువుల విభాగానివి, మురుగు పైపులు నగర నీటి సరఫరా, మురుగు పనులు చూసే జలమండలివి, నీటి నాణ్యత పరీక్ష కాలుష్య నియంత్రణ మండలిది, సరిహద్దు నోటిఫికేషన్ హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ అయిన హెచ్‌ఎండీఏది, ఆక్రమణల తొలగింపు 2024 జూలైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రాది. ఇన్ని తలుపులున్న ఇంట్లో ఏ తలుపు తట్టాలో తెలియకనే చాలా సంఘాలు అలసిపోతాయి. కాబట్టి ఒక కాగితం మీద శాఖ పేరు, బాధ్యుడైన అధికారి హోదా, అతని కార్యాలయం రాసుకుని, దాన్ని ప్రతి సమావేశంలోనూ ముందు పెట్టుకోండి.

పూర్తి నీటిమట్టాన్నే ఎఫ్‌టీఎల్ అంటాం, అంటే చెరువు నిండి మత్తడి దూకడానికి సిద్ధంగా ఉన్నప్పుడు నీరు నిలిచే గీత. హెచ్‌ఎండీఏ ముందుగా ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు విని, ఆ తర్వాత తుది నోటిఫికేషన్ ఇస్తుంది. మీ చెరువు ఈ రెండింటిలో ఏ దశలో ఉందో హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో చూడవచ్చు. తుది నోటిఫికేషన్ లేకపోతే అదే మీ మొదటి పని, మిగతావన్నీ దాని తర్వాతే. భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్‌గా, అంటే కట్టడాలు లేని ఖాళీగా వదలాలి. 10 మీటర్లకు మించిన వెడల్పున్న నాలాకు ఇరువైపులా 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు వదలాలి. ఈ అంకెలు కాలనీలో ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి.

గ్రామ నక్షా, పాత పహాణీలు, నీటిపారుదల శాఖ దగ్గరుండే చెరువు మెమోయిర్ (చెరువు వివరాల పత్రం), సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు (నైసర్గిక పటం), పాత ఉపగ్రహ చిత్రాలు సేకరించండి. అడిగితే ఇవ్వని కాగితానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. శిఖంలో కొందరికి పట్టాలు ఉండవచ్చు. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కును ఇళ్లు కట్టే హక్కుగా చూపి అమ్మినవాళ్లు, తెలియక కొన్నవాళ్లు ఇద్దరూ మీ చుట్టుపక్కలే ఉంటారు. ఇక్కడ తొందరపడి పేదల గుడిసెల మీద మాత్రమే వేలు చూపడం అన్యాయం. మ్యాపు చేతికొచ్చాక గేటెడ్ కమ్యూనిటీ ప్రహరీ గోడ ఎఫ్‌టీఎల్‌లో ఉంటే దాన్ని కూడా అదే స్వరంతో చెప్పగలిగినప్పుడే మీ సంఘానికి విశ్వసనీయత వస్తుంది.

ఎవరెవరిని కలుపుకోవాలి

కాలనీ సంక్షేమ సంఘం ఒక్కటే చెరువు తరఫున మాట్లాడితే అది సగం మాటే. చేపలు పట్టే గంగపుత్రులు, ముదిరాజులు సహకార సంఘాలుగా ఉంటారు, వారికి చెరువు బతుకుదెరువు. బట్టలు ఉతికే రజకులు, గేదెలు మేపుకునేవారు, కట్ట మైసమ్మకు బోనాలు ఎత్తే బస్తీ మహిళలు, బతుకమ్మ ఆడే కాలనీ మహిళలు, గణేశ్ మండపాలవారు, దగ్గరి పాఠశాల ఉపాధ్యాయులు, వీరందరూ మొదటి సమావేశం నుంచే ఉండాలి. బాట వేశాక గేటు పెట్టి టికెట్ పెడితే మొదట బయటికి వెళ్లేది మత్స్యకారులే. కాబట్టి వాళ్ల పడవకు దారి, వలలు ఆరేసుకునే చోటు మొదటి నక్షాలోనే గీయించాలి. లోతు, ఊటలు, ఏ మూల ఎప్పుడు మురుగు వస్తుందో వాళ్లకు తెలిసినంతగా ఏ సలహాదారుకూ తెలియదు.

వీరందరితో ఒక పౌర సమితి వేసుకుని, దాన్ని తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించండి. 3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతోంది. మీ వార్డులో అది పనిచేస్తుంటే సమితి సభ్యుల్లో ఒకరిద్దరు అందులో ఉండేలా చూసుకోండి. పనిచేయకపోతే దాన్ని సమావేశపరచమని కోరుతూ రాతపూర్వకంగా విజ్ఞప్తి ఇవ్వండి. స్థానిక ప్రజాప్రతినిధిని గౌరవంగా పిలవాలి, కానీ సమితి అధ్యక్ష పదవి ఏ పార్టీవారికీ ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ప్రభుత్వాలు మారతాయి, చెరువు పని మాత్రం కొన్నేళ్లు సాగాలి.

మురుగు ఎక్కడి నుంచి వస్తోంది?

ఈ పని మొత్తంలో కష్టమైనదీ, అందరూ తప్పించుకునేదీ ఇదే కనుక ఇక్కడ ఓపిక పట్టాలి. వానలు లేని రోజుల్లో ఒక ఆదివారం ఉదయం చెరువు చుట్టూ నడిచి లోపలికి వచ్చే ప్రతి నాలానూ, ప్రతి పైపునూ ఫోనులో స్థానంతో సహా ఫొటో తీయండి. వాన లేనప్పుడు పారుతున్నదంతా మురుగే. ఆ నాలా వెంట ఎగువకు నడవండి. కొన్నిసార్లు అది మీ అపార్టుమెంటు దగ్గరే మొదలవుతుంది. 20,000 చదరపు మీటర్లకు మించిన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి కావాలి, ఆ అనుమతి షరతుల్లో మురుగుశుద్ధి కేంద్రం ఉంటుంది. నడవని కేంద్రాన్ని నడిపించడం నివాసుల చేతిలో ఉన్న పని, దానికి కంపెనీ నిధి అక్కర్లేదు. కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి రాత్రిపూట కేంద్రాన్ని ఆపివేసి మురుగును నాలాలోకి వదిలే సముదాయం చెరువు పరిరక్షణ బ్యానరు పట్టుకోవడం తగదు.

మిగిలిన మురుగుకు జలమండలితో మాట్లాడాలి. దారులు రెండు. ఒకటి, చెరువు చుట్టూ మళ్లింపు పైపు వేసి మురుగును దిగువ ట్రంకు లైనులో, అంటే పెద్ద మురుగు పైపులో కలపడం. రెండు, చెరువు గట్టునే శుద్ధి చేసి, శుద్ధయిన నీటిని చెరువులోకి వదలడం. మొదటిది చౌక. కానీ చాలా చెరువులకు ఇప్పుడు వానాకాలం తర్వాత వచ్చే నీరు ఈ మురుగొక్కటే కనుక, దాన్ని పూర్తిగా మళ్లిస్తే వేసవికి చెరువు ఎండిపోతుంది. ఎండిన చెరువు మీద ఆక్రమణదారుల కన్ను పడడానికి ఎంతోకాలం పట్టదు. అందువల్ల స్థలం ఉన్నచోట రెండో దారిని పట్టుబట్టి అడగాలి. గోల్కొండ కోటకు ఒకప్పుడు తాగునీరిచ్చిన దుర్గం చెరువు గట్టున 2023లో 7 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 70 లక్షల లీటర్ల సామర్థ్యం గల శుద్ధి కేంద్రం ప్రారంభమైంది. బెంగళూరులోని జక్కూరు చెరువులో శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీరు తుంగ, జమ్ము వంటి మొక్కలున్న చిత్తడి నేలగుండా పోయి ఆ తర్వాతే చెరువులో కలుస్తుంది. అక్కడ ప్రభుత్వ సంస్థలతో పాటు జలపోషణ్ అనే పౌరుల ట్రస్టు కూడా చెరువును చూసుకుంటోంది. మన దగ్గర నెక్నాంపూర్ చెరువులో ధ్రువంశ్ అనే స్వచ్ఛంద సంస్థ, హెచ్‌ఎండీఏ, జిల్లా యంత్రాంగం సహకారంతో 2018 ఫిబ్రవరిలో సుమారు 3,000 చదరపు అడుగుల తేలియాడే మొక్కల తెప్పను ఏర్పాటు చేశారు. వెదురు, థర్మోకోల్ మీద నాటిన వట్టివేరు, మెట్టతామర వంటి మొక్కల వేళ్లు నీటిలోని నత్రజనిని, భాస్వరాన్ని పీల్చుకుంటాయి. ఇది మేలైన పద్ధతే, అయితే శుద్ధి అయ్యాక మిగిలిన మలినాన్ని మాత్రమే అది తీయగలదు. పచ్చి మురుగు పడే చెరువులో తెప్పలు వేసి, ఫౌంటెన్లు పెట్టి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి ఫలితం కోసం చూడటం డబ్బు దండగ.

గుర్రపుడెక్క సంగతీ ఇంతే. అనుకూల పరిస్థితుల్లో అది దాదాపు రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు. యంత్రంతో తీసి గట్టు మీదే పోస్తే మొదటి వానకు కుళ్లి తిరిగి నీటిలోకి చేరుతుంది. తీసిన రోజే దూరంగా తరలించాలి. అది మళ్లీ మళ్లీ వస్తోందంటే మురుగు ఆగలేదని అర్థం.

కంపెనీ దగ్గరికి వెళ్లే ముందు

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో నికర లాభం 5 కోట్ల రూపాయలు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర విలువ 500 కోట్లు ఉన్న లేదా దాటిన కంపెనీ, గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు చేయాలి. పర్యావరణ సమతుల్యత, నీటి నాణ్యత కాపాడటం ఆ చట్టపు ఏడో షెడ్యూలులో ఉన్నాయి. కంపెనీ పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది కనుక, మీ చెరువు దగ్గరి కార్యాలయాలను అడగటానికి సంకోచించనక్కర్లేదు.

కొత్తగా పుట్టిన మీ సమితి ఈ డబ్బును నేరుగా తీసుకోలేకపోవచ్చు. అమలు చేసే ట్రస్టుకు లేదా సొసైటీకి ఆదాయపు పన్ను చట్టం కింద స్వచ్ఛంద సంస్థగా, విరాళాలకు పన్ను మినహాయింపు ఉన్న సంస్థగా నమోదు (12ఏ, 80జీ అని పిలుస్తూ వచ్చినవి), ఇలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం, 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. అవి ఉన్న సంస్థను అమలుదారుగా పెట్టుకుని, సమితి పర్యవేక్షణకు మాత్రమే పరిమితం కావడం ఉత్తమం. డబ్బు చేతికి రాని సంఘం నిర్భయంగా ప్రశ్నించగలుగుతుంది.

కంపెనీ బోర్డులు వార్షిక కార్యాచరణను సాధారణంగా ఆర్థిక సంవత్సరం మొదట్లో ఆమోదిస్తాయి. డిసెంబరు, జనవరిలోనే ప్రతిపాదన ఇస్తే ఏప్రిల్‌కు ఫలితం తేలుతుంది. మార్చిలో వెళితే ఏడాది ముగిసేలోగా ఖర్చు చూపించాల్సిన తొందరలో ఉన్న కంపెనీ బెంచీలు, బోర్డులు ఇస్తుంది, మీకు కావలసినది దొరకదు. పని ఒక్క ఏడాదిలో ముగియదని ముందే చెప్పి దాన్ని కొనసాగే ప్రాజెక్టుగా ఆమోదించమని అడగండి. అలా ఆమోదిస్తే మొదలైన సంవత్సరాన్ని మినహాయించి మూడేళ్ల వరకు నడపవచ్చు, మిగిలిన నిధిని ప్రత్యేక ఖాతాలో ఉంచవచ్చు.

ప్రతిపాదనలో ఏం అడగాలన్నది తేల్చుకోవడంలోనే మీ పరిణతి కనిపిస్తుంది. నీటి పరీక్షలు, చిత్తడి నేల నిర్మాణం, పూడిక పరీక్ష, కాపలా సిబ్బంది జీతాలు, మూడేళ్ల నిర్వహణ, ఇవి అడగండి. కట్ట బలోపేతం, మురుగు పైపులు, ఆక్రమణల తొలగింపు ప్రభుత్వ విధులు. వాటిని కంపెనీ మీద నెట్టితే ప్రభుత్వం తన బాధ్యత నుంచి మెల్లగా తప్పుకుంటుంది. చెరువు పక్కనే స్థలాలు అమ్ముకునే నిర్మాణ సంస్థ దత్తతకు ముందుకొస్తే మరింత జాగ్రత్త అవసరం. తమ వ్యాపారంలో భాగమైన పనిని కంపెనీలు సామాజిక బాధ్యతగా చూపకూడదని నిబంధనల్లోనే ఉంది. బెంగళూరులో హెబ్బాళ చెరువును 2006లో ఒక హోటల్ సంస్థకు లీజుకిచ్చినప్పుడు, ప్రజల ఆస్తిని ప్రైవేటు పరం చేస్తున్నారంటూ 2008లో హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయవలసి వచ్చింది. దత్తత అంటే ఖర్చు భరించడమే కానీ హక్కు పొందడం కాదు.

ఒప్పందంలో రాసుకోవలసినవి

కార్పొరేషన్, కంపెనీ, అమలు సంస్థ, పౌర సమితి నలుగురూ సంతకం చేసిన ఒప్పందం ఉండాలి. చాలాచోట్ల పౌర సమితి సంతకం ఉండదు, తర్వాత అడిగే హక్కు కూడా ఉండదు. భూమి, నీరు ప్రభుత్వానివేనని, ప్రవేశం ఉచితమని, మత్స్యకారుల హక్కులు యథాతథమని, ఎఫ్‌టీఎల్ లోపల శాశ్వత నిర్మాణం ఏదీ రాదని, మత్తడి ఎత్తు తగ్గించరని స్పష్టంగా రాయించండి. మత్తడిని అడుగు దించితే బాట మునగదు, పక్క స్థలాలు ఎండుతాయి, చెరువు మాత్రం ఎప్పటికీ చిన్నదైపోతుంది. ఈ వాక్యం కోసం గట్టిగా నిలబడండి. కంపెనీ పేరు బోర్డు ఎన్ని, ఏ కొలత అన్నది కూడా రాయండి. నిర్మించిన ఆస్తి చివరకు కార్పొరేషన్‌కు చెందుతుందని, కంపెనీ తప్పుకుంటే ఆరు నెలల ముందే నోటీసు ఇవ్వాలని, బిల్లులు మూడు నెలలకోసారి బహిరంగంగా చూపాలని ఉండాలి.

ఫలితాన్ని కొలతల్లో రాయండి. "చెరువు శుభ్రపడుతుంది" అన్న వాక్యంతో ఎవరినీ నిలదీయలేరు. చేపలు బతకడానికి లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల కరిగిన ఆక్సిజన్ ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం, ఒప్పందంలో దాన్నే పెట్టుకోవచ్చు. నాచు ఎక్కువున్న చెరువులో మధ్యాహ్నం ఆక్సిజన్ బాగా ఉన్నట్టు కనిపించి, తెల్లవారుజామున పడిపోతుంది, చేపలు చచ్చేది అప్పుడే. కనుక నమూనాను సూర్యోదయానికి ముందు తీయాలని కూడా రాసుకోవాలి.

పనులు, రుతువులు

పూడిక ఫిబ్రవరి నుంచి మే లోపు తీయాలి. చెరువుల పునరుద్ధరణ పథకమైన మిషన్ కాకతీయలో ఊరి చెరువుల ఒండ్రుమట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు, కానీ నగర చెరువు పూడికలో భారలోహాలు ఉండవచ్చు, పరీక్షించకుండా పొలానికీ పార్కుకూ తోలవద్దు. గుత్తేదారులు చెరువును స్నానపు తొట్టిలా నిట్టనిలువు గోడలతో, ఒకే లోతుతో తవ్వేస్తారు. అలా తవ్వితే కొంగలు, నీటికోళ్లు నిలబడే లోతు తక్కువ అంచు పోతుంది, పిల్లలు జారిపడే ప్రమాదం పెరుగుతుంది. ఏటవాలు అంచు, అక్కడక్కడా మట్టి దిబ్బ, వాటి మీద నల్లతుమ్మ ఉండాలి. చుట్టూ కాంక్రీటు గోడ వద్దు. బాట బఫరులో మట్టితోనో, నీరు ఇంకే పలకలతోనో వేయాలి. దీపాల వెలుగు బాట మీదికే పడాలి, నీటి మీదికి కాదు. నిమజ్జనానికి చెరువు పక్కన వేరే కొలను కడితే సెప్టెంబరులో గొడవ ఉండదు, అయితే దాన్ని కూడా ఎఫ్‌టీఎల్ బయటే కట్టాలి.

పని ముగిశాక

ప్రతినెలా ఒకే తేదీన గట్టు మీదే సమావేశం పెట్టి నీటి పరీక్ష ఫలితాన్ని తెలుగు, ఉర్దూ భాషల్లో బోర్డు మీద రాయండి. తూము, మత్తడి, నాలా ముఖద్వారం వానాకాలానికి ముందు మే చివర ఒకసారి, తొలి పెద్ద వాన తర్వాత ఒకసారి చూడాలి. మట్టి లారీ, సెప్టిక్ ట్యాంకరు కనిపిస్తే ఎవరికి ఫోను చేయాలో బోర్డు మీదే ఉండాలి. ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెట్టకూడదు. శాఖ స్పందించకపోతే సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, ఆక్రమణ అయితే హైడ్రాకు, కాలుష్యం అయితే కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వండి. ఏ దారీ తెరుచుకోనప్పుడు చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ ధర్మాసనం ఉంది. అక్కడ మీ ఫొటోలు, తేదీలు, రసీదులే సాక్ష్యం. మొదటి రోజు నుంచీ వాటిని ఒకచోట భద్రపరచమని చెప్పేది అందుకే.

నిర్వహణ డబ్బు ముగిసిపోవడానికి ఏడాది ముందే తర్వాతి మూడేళ్ల ప్రతిపాదన సిద్ధం చేసుకోండి. అప్పటికి కంపెనీలో అధికారి మారి ఉంటారు, కార్పొరేషన్‌లో ఇంజనీరు బదిలీ అయి ఉంటారు. కొత్తగా వచ్చినవారిని మొదటి వారంలోనే చెరువు దగ్గరికి తీసుకెళ్లి, నక్షా చేతికిచ్చి, నాలాల వెంట ఒక చుట్టు నడిపించండి. మీ మత్తడి దూకిన నీరు ఏ చెరువులోకి పోతుందో అక్కడి కాలనీ సంఘానికి కూడా ఈ కాగితాల నకళ్లు ఇవ్వండి.